సన్న సెగ.. నిండు ముద్ద

కిలో మాంసంతో ఇంటిల్లిపాదికీ రెండు పూటలు
మండికల్ పల్లెల్లో పెద్దలు నేర్పిన వంటింటి లెక్క

మండికల్: ఆదివారం పొద్దు వాలిందంటే చాలు.. మండికల్ హోబళిలో ఏ పల్లెకెళ్లినా ఒకటే వాసన. వేయించిన ధనియాలు, ఎండు కొబ్బరి, చెక్కా లవంగం కలిపి నూరిన మసాలా. పొయ్యి మీద కుండ ‘గుడుగుడు’మంటూ ఉంటుంది. పక్కనే రాగి పిండి జల్లెడ పట్టి సిద్ధంగా ఉంటుంది. చేలోంచి వచ్చేవాళ్లు, డెయిరీలో పాలు పోసి వచ్చేవాళ్లు, పేరేసంద్ర క్రాస్‌లో బస్సు దిగి బెంగళూరు నుంచి వచ్చే పిల్లలు.. అందరూ చేరేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు కుండ దించుతారు.

పట్నంలో దీన్ని విందు అంటారేమో గానీ, ఇక్కడ మాత్రం ఇది పొదుపు. కిలో మాంసం ధర ఏడెనిమిది వందల రూపాయలు పలికే రోజుల్లో ఆరుగురున్న ఇంట్లో కూర వండాలంటే గుండె ధైర్యం కావాలి. అందుకే తక్కువ మాంసాన్ని ఎక్కువ మందికి, అదీ రెండు పూటలకు సరిపెట్టే విద్య ఒకటి కోలారు, చిక్కబళ్లాపురం సీమల్లో తరాలుగా ఉంది. సన్న సెగ, బోలెడు పులుసు, వేడి వేడి ముద్ద.. విద్య అంతా ఈ మూడింటిలోనే ఉంది.

కుప్పలేసి పంచుకుంటారు

ఈ సీమలో మాంసం కొనే పద్ధతే వేరు. అంగడికి వెళ్లి అరకిలో, కిలో తెచ్చుకోవడం తర్వాత వచ్చిన అలవాటు. పది పదిహేను ఇళ్లవాళ్లు కలిసి డబ్బులు వేసుకుని పొట్టేలును కొంటారు. ఊళ్లోనే కోసి, ఎన్ని పాళ్లుంటే అన్ని కుప్పలు వేస్తారు. తొడ, మెడ, పక్కటెముకలు, కార్జం, బోటి.. ప్రతి కుప్పలో అన్నీ కొంచెం కొంచెం పడాల్సిందే. కన్నడంలో దీన్నే ‘గుడ్డె బాడు’ అంటారు. ఉన్నోడికి మెత్తటి కండ, లేనోడికి ఎముకలు అనే మాట ఇక్కడ చెల్లదు. కుప్ప కుప్పకూ తేడా వస్తే అక్కడే నిలదీస్తారు!

ఉగాది మరునాటి ‘హొస తొడకు’కు ఈ కుప్పలదే హవా. పండగ రోజు హోళిగలు, మరునాడు బాడూట. ఆ ఒక్క రోజు ఖర్చు మీద పడకుండా ఏడాది పొడవునా నెలనెలా చీటీ కట్టుకునే ఊళ్లూ ఉన్నాయి. డబ్బు కాకుండా మాంసమే చీటీ ఫలమన్నమాట. 2020లో సరిగ్గా ఉగాది నాడే, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. బెంగళూరు నుంచి రావలసిన పిల్లలు ఎంతోమంది ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. తొడకు అంటే మాంసం మాత్రమే కాదని, అందరూ ఒకచోట కూర్చుని తినడమని ఆ ఏడాది బాగా తెలిసొచ్చింది.

కుప్ప ఇంటికొచ్చాక అసలు లెక్క మొదలవుతుంది. అన్నీ ఒకే రోజు వండితే దండగ. కార్జం, బోటి నిలవ ఉండవు కనుక మొదటి పూట వాటి వేపుడు. ఎముకతో ఉన్న మెడ, పిక్క, పక్కటెముకలు రాత్రి పులుసుకు. తల, కాళ్లు పంపకంలో వస్తే కాల్చి, గీకి మరుసటి రోజు చారుకు. ఇంకా మిగిలితే పల్చటి పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి ఎండలో వేలాడదీస్తారు. అవే ఉప్పుకండలు. బాగా గలగలమనేలా ఎండితే కొన్ని వారాల తర్వాత కూడా ఓ రాత్రి కూరకు పనికొస్తాయి.

ముదురు మాంసానికే రుచి

లేత మాంసం తొందరగా ఉడుకుతుంది, నిజమే. కానీ పులుసుకు ముదురు పొట్టేలే మేలంటారు పెద్దలు. ఇందులో కిటుకుంది. జీవం ఎక్కువగా కదిలించే భాగాలు మెడ, పిక్క, భుజం. వీటిలో కండను పట్టి ఉంచే నారలు ఎక్కువ. శాస్త్రవేత్తలు వీటిని కొల్లాజెన్ అంటారు. పెద్ద మంట పెడితే కండ బిగుసుకుని నీరంతా బయటికి వదిలేస్తుంది. తునక పైకి ఉడికినట్టే ఉంటుంది, నోట్లో వేసుకుంటే పీచు పీచు. అదే సన్న సెగ మీద గంటల తరబడి ఉంచితే సుమారు 70 డిగ్రీలు దాటాక ఆ నారలు మెల్లగా కరిగి జిలటిన్‌గా మారతాయి. పులుసు చిక్కబడేది, వేళ్లకు అంటుకునేది దాని వల్లే. చల్లారిన కాళ్ల చారు పెరుగులా గడ్డకట్టేదీ అందుకే.

ఈ సంగతి ఒక్క మన పల్లెలకే తెలుసనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో రంజాన్ మాసంలో హలీంను భట్టీల మీద గంటల కొద్దీ ఉడికించి, దంచి దంచి చేస్తారు. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. యూదులు విశ్రాంతి దినమైన శనివారం పొయ్యి వెలిగించరు. అందుకని శుక్రవారం సాయంత్రమే మాంసం, చిక్కుళ్లు కలిపి కుండకెత్తి, తెల్లవార్లూ సన్న వేడి మీద వదిలేస్తారు. అమెరికాలో 1971లో ‘క్రాక్‌పాట్’ పేరుతో కరెంటు కుండ మార్కెట్లోకి వచ్చింది. పొద్దున స్విచ్ వేసి పనికి పోతే రాత్రికి కూర తయారు. పేరు ఏదైనా చేసే పని మన మట్టి కుండదే!

ఇలా వండుకోండి

ఆరుగురికి ఎముకతో సహా కిలో మాంసం చాలు. సుమారు 40 తునకలు వస్తాయి. వండే విధానం ఇదీ..

* కుండలో మూడు చెంచాల నూనె వేసి, తరిగిన రెండు ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డ ముద్ద, అర చెంచా పసుపు వేయించాలి. కడిగిన మాంసం, ఉప్పు వేసి మూత పెట్టాలి. మాంసంలోంచి నీరు ఊరుతుంది. ఆ నీరు ఇంకే దాకా మధ్య మధ్యలో కలుపుతుండాలి. ఇక్కడ తొందరపడితే నీచు వాసన పోదు.

* లీటరున్నర నుంచి రెండు లీటర్ల వేడి నీళ్లు పోసి, ఒక పొంగు రానిచ్చి, వెంటనే సెగ తగ్గించాలి. పైన చిన్న చిన్న బుడగలు వస్తే చాలు. కట్టెల పొయ్యి అయితే మంట తీసేసి నిప్పుల మీద ఉంచాలి. లేత మాంసానికి గంటన్నర, ముదురుదైతే రెండు నుంచి రెండున్నర గంటలు.

* ఈలోగా మసాలా. మూడు చెంచాల ధనియాలు, ఎనిమిది నుంచి పది ఎండు మిరపకాయలు, చెంచా గసగసాలు, చిన్న చెక్క ముక్క, నాలుగు లవంగాలు దోరగా వేయించాలి. గుప్పెడు ఎండు కొబ్బరి, రెండు చెంచాల పుట్నాలు కలిపి మెత్తగా నూరాలి. పుట్నాలతో పులుసు చిక్కబడుతుంది.

* తునక ముప్పాతిక ఉడికాకే మసాలా వేయాలి. ముందే వేస్తే అడుగంటుతుంది. మరో అరగంట సన్న సెగ మీద ఉంచి, కొత్తిమీర చల్లి దించాలి. పావుగంట మూత తీయకూడదు.

గ్యాస్ మిగలాలంటే సగం పని కుక్కర్‌కు అప్పగించవచ్చు. మాంసం నీరు ఇంకాక కుక్కర్‌లో ఒక విజిల్ రానిచ్చి, సెగ తగ్గించి 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. ఆవిరి దానంతటదే పోయాక మసాలా కలిపి, మూత లేకుండా అరగంట మరిగిస్తే కుండ రుచికి దగ్గరగా వస్తుంది. ఆరేడు విజిళ్లు వేయిస్తే తునక చెదిరిపోతుంది తప్ప రుచి రాదు.

అనపగింజలు తోడైతే..

రాత్రి పులుసులో తలా నాలుగు తునకలు వడ్డిస్తే 24. మిగతా 16 తునకలు, గిన్నెడు పులుసు ముందే వేరే గిన్నెలోకి తీసిపెట్టాలి. తిన్నాక మిగిలింది దాచుకోవడం వేరు, ముందే తీసి దాచడం వేరు. రెండో పూటకు ఆ పులుసులో కాలాన్ని బట్టి ఏదైనా చేర్చుకోవచ్చు. మార్గశిరం, పుష్యమాసాల్లో అనపకాయలు దండిగా వస్తాయి. గింజలు గానీ, పితికిపప్పు గానీ వేస్తే మాంసం తక్కువైన సంగతే తెలియదు. ఎండాకాలం మునక్కాయలు, ఉర్లగడ్డలు. ఏ కాలంలోనైనా మొలకెత్తిన ఉలవలు. గింజలూ మాంసకృత్తుల పుట్టలే కనుక బలానికి లోటుండదు.

పక్కన ముద్ద ఉండనే ఉంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పళ్లు ఊడిన తాతకు నమలక్కర్లేదు, పులుసులో ముంచి మింగడమే. సన్న సెగ మీద ఉడికిన తునక వేలితో నొక్కితే విడిపోతుంది కాబట్టి మూడేళ్ల పాపకూ అదే కుండలోంచి పెట్టవచ్చు, ఎముక ముక్కలు లేకుండా చూసుకుంటే చాలు. ముసలాళ్లకొకటి, పిల్లలకొకటి అంటూ రెండు వంటలు చేసే పని తప్పుతుంది.

ఇక వారం లెక్క. శని, సోమవారాల్లో నీచు ముట్టని ఇళ్లు మన దగ్గర చాలానే. అలాంటివాళ్లు ఆదివారం పొద్దునే కుండ పెట్టుకుని మధ్యాహ్నం, రాత్రి రెండు పూటల్లో ముగించడం మేలు. లేదంటే మంగళవారం రాత్రి వండి బుధవారానికి ఉంచుకోవచ్చు. పాల బిల్లు వచ్చిన వారం మాంసం, మిగతా వారం గుడ్లో, ఉలవచారో అనుకుంటే నెల ఖర్చు చేతిలో ఉంటుంది.

రాత్రంతా పొయ్యి మీద వద్దు

పాత రోజుల్లో మిగిలిన కూరను పొయ్యి మీదే వదిలి, పొద్దునే మరిగించి తినేవాళ్లు. ఇప్పటికీ చాలా ఇళ్లలో అదే అలవాటు. ఇది మంచిది కాదు. వంటలో చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు, కుండ మెల్లగా చల్లారుతుంటే మళ్లీ పెరుగుతాయి. వాటిలో కొన్ని వదిలే విషం మరిగించినా పోదు. దించిన రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెల్లోకి తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు రోజుల్లోపు తినేయాలి. తినేటప్పుడు ఉత్త గోరువెచ్చగా కాదు, బాగా పొంగు రానివ్వాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఒక్క పూటకు సరిపడానే వండుకుని, మిగతాది పక్కింటివాళ్లకు ఇవ్వడం మేలు. రేపు వాళ్ల కుండలోంచి మీకూ వస్తుంది.

వండినామె కంచం

ఇంత లెక్క వేసే ఇళ్లలోనూ ఒక లెక్క తప్పుతుంటుంది. ముందు మామకు, తర్వాత మొగుడికి, ఆపైన పిల్లలకు, వచ్చిన చుట్టానికి వడ్డిస్తారు. పొయ్యి దగ్గర మూడు గంటలు కూర్చున్నామె చివర్న కుండలోకి చూస్తే మిగిలేది పులుసు, నాలుగు ఎముకలు. ‘నాకు పులుసుంటే చాల్లే’ అంటుందామె. ఆ మాట ఏళ్ల తరబడి అందరూ నమ్మేశారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 47.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇద్దరిలో దాదాపు ఒకరికి. దేశం మొత్తం మీద ఇది 57 శాతం. దీనికి కారణాలు చాలానే ఉండొచ్చు. కానీ మాంసంలో, ముఖ్యంగా కార్జంలో ఉండే ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. వారానికో, రెండు వారాలకో ఒకసారి ఇంటికొచ్చే ఆ బలం, అవసరం ఎక్కువున్న మనిషికే అందకపోతే ఎలా?

దీనికి డాక్టరు చీటీ అక్కర్లేదు. రెండో పూటకు తునకలు తీసి పక్కన పెట్టినట్టే, వడ్డన మొదలుకాకముందే వండినామె కంచంలో నాలుగు తునకలు, ఒక కార్జం ముక్క వేసి మూత పెట్టండి. ఆ పని ఆమె చేసుకోదు. అత్త చేయాలి, లేదా మొగుడు చేయాలి. ముద్ద తొక్కడం మగవాళ్లకు వచ్చిన పనే కనుక అందరూ ఒకేసారి కూర్చునేలా ఆ పని వాళ్లే అందుకుంటే మరీ మంచిది.

ఊరి పంపకంలో కుప్ప కుప్పకూ తేడా రానివ్వని సీమ ఇది. అక్కడ నిలదీసే నోరు ఇంట్లో కంచాల దగ్గర కూడా లేవాలి. వచ్చే ఆదివారం కుండ దించేటప్పుడు కంచాలు ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఆరుగురున్న ఇంట్లో ఆరూ ఉండాలి.