గ్లైడరుకు చక్రాల ఇల్లు

విమానం అనగానే మనకు గుర్తొచ్చేది పెద్ద మోత. కానీ మోత లేని విమానం కూడా ఒకటుంది. దాని పేరు గ్లైడరు. మామూలు గ్లైడరుకు ఇంజను ఉండదు, పెట్రోలు అక్కర్లేదు. గద్ద రెక్కలు ఆడించకుండా, పైకి లేచే వేడిగాలి మీద గిరగిరా తిరుగుతూ ఎంత ఎత్తుకు పోతుందో చూశారు గదా! గ్లైడరు కూడా అంతే. జర్మనీలోని వాసర్‌కుప్పె అనే కొండ మీద 1920లోనే గ్లైడర్ల పోటీ జరిగింది. ఇప్పటికీ ఆ దేశంలో గ్లైడరు క్లబ్బులు ఎన్నో ఉన్నాయి.

మరి పెట్టె ఎందుకు?

వేడిగాలి దొరక్కపోతే గ్లైడరు ఏదో ఒక పొలంలో దిగవలసిందే. తిరిగి లేవాలంటే ఇంజను లేదాయె! అప్పుడు స్నేహితులు కారు వెనక ఒక పొడవాటి పెట్టె బండి తగిలించుకొని వస్తారు. దానినే ట్రైలరు అంటారు. రెక్కలు ఊడదీసి, తోక మీది అడ్డ రెక్క తీసి, అన్నీ అందులో సర్ది ఇంటికి తీసుకుపోతారు. నిజానికి గ్లైడరు గాలిలో ఉండేది కొద్ది గంటలే. మిగతా కాలమంతా చాలా గ్లైడర్లు పెట్టెలోనే ఉంటాయి. జర్మనీలో చలికాలం వస్తే నెలల తరబడి అందులోనే. కాబట్టి పెట్టె సరిగా లేకపోతే గ్లైడరు ఎగరకుండానే పాడైపోతుంది. పాడైన రెక్కతో ఎగిరితే మనిషి ప్రాణానికే ముప్పు.

పెట్టెను ఎలా ఎంచుకోవాలి?

మొదటిది కొలత. 15 మీటర్ల గ్లైడరు అంటే ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 15 మీటర్లు అన్నమాట. విడదీస్తే ఒక్కో రెక్క సుమారు 7.5 మీటర్లు. పెట్టె లోపలి పొడవు అంతకంటే ఎక్కువే ఉండాలి. ఇద్దరు కూర్చునే ఏఎస్‌కె 21 అనే గ్లైడరుకు రెక్కల పొడవు 17 మీటర్లు. దానికి ఇంకా పెద్ద పెట్టె కావాలి. పొడవు ఒక్కటే చూస్తే చాలదు. రెక్క మొదట్లో ఎంత వెడల్పు, పైలట్ కూర్చునే చోట ఎంత ఎత్తు అని కూడా కొలవాలి.

రెండోది తూకం. పెట్టె బరువు చక్రాల కంటే కొంచెం ముందుకు ఉండాలి. వెనక్కి ఎక్కువైతే వేగం పెరిగినప్పుడు బండి పాము తోకలా అటూ ఇటూ ఊగి, కారును కూడా లాగి పడేస్తుంది. ఎడ్లబండిలో బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేచిపోతుంది చూశారా, ఆ సూత్రమే ఇక్కడ కూడా. జర్మనీలో ట్రైలరు కట్టిన కారు మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు దాటి పోగూడదు. కొన్ని షరతులతో 100 వరకు అనుమతి ఇస్తారు.

మూడోది లోపలి అమరిక. రెక్కలకు, పొట్టభాగానికి మెత్తటి ఆధారాలు ఉండాలి. దారిలో కుదుపులకు ఏ భాగమూ గోడకు తగలగూడదు.

ఇద్దరు శత్రువులు

పెట్టెలో ఉన్న గ్లైడరుకు ఇద్దరు శత్రువులు. ఒకరు ఎండ, రెండోవారు చెమ్మ.

ఫైబరు గ్లాసుతో చేసిన మొదటి గ్లైడరు 'ఫీనిక్స్'. అది 1957లో జర్మనీలో ఎగిరింది. పోనుపోను ఇలాంటివే ఎక్కువయ్యాయి. వీటిలో గాజు నారను రెజిన్ అనే జిగురు పట్టి ఉంచుతుంది. బాగా వేడెక్కితే ఈ జిగురు మెత్తబడి బలం తగ్గుతుంది. అందుకే ఇలాంటి గ్లైడర్లలో చాలావాటిని 54 డిగ్రీల సెల్సియస్ వేడి వరకు తట్టుకునేలా పరీక్షిస్తారు. వాటికి తెల్లరంగు వేసేది కూడా అందుకే. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. పెట్టె పైకప్పు కూడా తెల్లగానే ఉండాలి.

ఇక చెమ్మ సంగతి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 10 డిగ్రీలకు చల్లబడితే 9 గ్రాములే మోయగలదు. మరి మిగిలిన నీరు ఎక్కడికి పోతుంది? చల్లని రేకుకు బొట్లు బొట్లుగా పడుతుంది. పాఠంలో చదివిన సాంద్రీకరణం ఇదే. రేకుల కప్పు కింద తెల్లవారుజామున నీటిబొట్లు రాలేదీ ఇందుకే. పెట్టెలో ఆ బొట్లు రెక్కల మీద పడతాయి. ఇనుప పిన్నులు తుప్పు పడతాయి. పైపూత పగుళ్లు తీస్తుంది. చెక్క గ్లైడరైతే జిగురు వదిలి, బూజు పడుతుంది.

లోపల ఏం పరచాలి?

అల్యూమినియం ఉత్తమ ఉష్ణవాహకం. థర్మోకోల్ వంటి నురుగు పలక అధమ వాహకం. అల్యూమినియం దానికంటే సుమారు 5,000 రెట్లు తేలిగ్గా వేడిని పంపుతుంది. కాబట్టి రేకు లోపలివైపు నురుగు పలక అంటిస్తే పగలు వేడి నెమ్మదిగా వస్తుంది, రాత్రి లోపలి గోడ అంత చల్లబడదు, బొట్లూ పట్టవు.

అయితే కొన్ని జాగ్రత్తలున్నాయి. స్పాంజిలాగా నీరు పీల్చేది వాడగూడదు. గాలిగదులు మూసుకుపోయిన గట్టి నురుగు కావాలి. పలకకూ రేకుకూ మధ్య ఖాళీ వదలగూడదు. వదిలితే చెమ్మగాలి ఆ సందులో దూరి, కంటికి కనపడకుండా నీరవుతుంది. పెట్రోలు కలిసిన జిగురు థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. ఇది నిప్పుకు అంటుకునే సరుకు అని కూడా మరవగూడదు.

ఇప్పుడు చిన్న లెక్క. కప్పు, గోడలు కలిపి 30 చదరపు మీటర్లు అనుకుందాం. 25 మిల్లీమీటర్ల మందం నురుగు, ఘనపు మీటరుకు 30 కిలోల చొప్పున: 30 × 0.025 × 30 = 22.5 కిలోలు. అదే 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఘనపు మీటరుకు 600 కిలోల చొప్పున: 30 × 0.006 × 600 = 108 కిలోలు! చాలా పెట్టెలకు కప్పు మూతలాగా పైకి లేస్తుంది. దానిని గ్యాసు గొట్టాలు ఎత్తి పట్టుకుంటాయి. బరువు మించితే అవి ఆపలేవు, మూత చేతుల మీద పడుతుంది. ఇంకొకటి, రెండు గోడలకూ 25 మిల్లీమీటర్లు వేస్తే లోపల 5 సెంటీమీటర్లు ఇరుకవుతుంది. అందుకే ముందు కొలిచి, తర్వాతే అంటించాలి.

అసలు కిటుకు

ఎంత మంచి పలక వేసినా, లోపలికి వచ్చిన తడిని అది బయటికి పంపలేదు. తడి బట్టలు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు గదా! అందుకని పెట్టెకు కింద ముందువైపు ఒకటి, పైన వెనకవైపు ఒకటి జాలీ ఉన్న గాలి రంధ్రాలు ఉండాలి. కొందరు సూర్యశక్తితో తిరిగే చిన్న ఫ్యాను కూడా పెడతారు. వేగం కోసం కొన్ని గ్లైడర్లు రెక్కల్లో నీళ్లు మోస్తాయి. ఆ నీళ్లు పూర్తిగా వంపి, ఆరిన తర్వాతే లోపల పెట్టాలి. తడిసిన రెక్కలను పొడిగుడ్డతో తుడవాలి. తడి పారాచూట్‌ను అందులో ఉంచనే గూడదు.

మీరే చేసి చూడండి

ఒకేరకం గాజు సీసాలు రెండు తీసుకోండి. రెండింటిలోనూ సమానంగా తడిపిన గుడ్డముక్క వేయండి. ఒకదానికి మూత బిగించండి. రెండోదానికి పల్చటి గుడ్డ కట్టండి. మధ్యాహ్నమంతా ఎండలో ఉంచి, సాయంత్రం నీడలోకి తెచ్చి, మర్నాడు పొద్దున్నే చూడండి. ఏ సీసా లోపల బొట్లున్నాయి? ఏ గుడ్డ ఆరింది? జవాబు నోటుబుక్కులో రాసి సైన్సు మాస్టారికి చూపండి.