నర్సింగ్ హోమ్ నిర్వాహకుల చదువు

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే పది ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో మాత్రం, తమంతట తాము లేవలేని, స్నానం చేయలేని, మతిమరుపు ముదిరిన వృద్ధులు నెలలు, ఏళ్ల తరబడి ఉండి వైద్యసేవలు పొందే నివాసానికి ఆ పేరు వాడతారు. అది ఆసుపత్రీ ఇల్లూ రెండూ కావడంవల్ల, దాన్ని నడిపేవారికి ప్రత్యేకమైన చదువు అవసరమైంది.

1965లో మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్యసహాయ పథకాలు ఏర్పడి, ఈ నివాసాలకు ప్రజాధనం పెద్దయెత్తున అందసాగిన రెండేళ్లకు, నిర్వాహకులకు రాష్ట్రాలు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉండాలని 1967 నాటి సామాజిక భద్రతా చట్ట సవరణ నిర్దేశించింది. లైసెన్సుకు జాతీయస్థాయి పరీక్ష ఉంటుంది. రోగి సంరక్షణ, జమాఖర్చులు, సిబ్బంది వ్యవహారాలు, భవన భద్రత అందులోని విషయాలు. అయితే ఈ విద్యకు ప్రాణం, అనుభవజ్ఞుడైన నిర్వాహకుడి చేతికింద చేసే శిక్షణలోనే ఉన్నది. కాలిఫోర్నియాలో అది సాధారణంగా 1000 గంటలు, అంటే వారానికి 40 గంటల లెక్కన దాదాపు ఆరు నెలలు.

ఆ కాలంలో అభ్యాసకుడు అన్ని విభాగాలూ తిరగాలి. మింగడం కష్టమైన వారికి మంచినీళ్లను సైతం చిక్కబరిచి ఎందుకు ఇస్తారో, ఆ సంగతి రాసిన చీటీ ఏ పళ్లెంమీద ఉండాలో వంటగదిలో తెలుస్తుంది. ఒకే వైపు పడుకున్నవారికి పుండ్లు పడకుండా పక్కకు తిప్పే పద్ధతి మంచం దగ్గరే తెలుస్తుంది. నివాసుల హక్కులను ఖాయం చేసిన 1987 నాటి చట్టం, సిబ్బంది సౌకర్యం కోసం ఎవరినీ కట్టిపడేయరాదన్నది. కాబట్టి మాటిమాటికీ లేచి పడిపోయే వృద్ధుడు దాహానికి లేస్తున్నాడా, మూత్రానికా, నొప్పితోనా అని ఓపికగా కనిపెట్టడం నిర్వాహకుడు నేర్చుకోవలసిన విద్యలలో ముఖ్యమైనది. శిక్షణ గంటలన్నీ ఆఫీసు గదిలోనే గడిచిపోతే ఇది అబ్బదు.

భారతదేశంలో 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమం గురించి చెప్పింది గాని, దాన్ని నడిపేవారు ఏమి చదివి ఉండాలో చెప్పలేదు. కనుక అమ్మానాన్నలను ఏ వృద్ధాశ్రమంలోనైనా చేర్చదలచినవారు, గదులూ తోటా చూడడానికి ముందే, దాన్ని నడిపే మనిషి ఈ పని ఎవరి దగ్గర, ఎంతకాలం నేర్చుకున్నారో అడిగి తెలుసుకోవాలి.