వేళకు వచ్చినవారికే గైరుహాజరు!

సైకిలు ట్యూబుకు పంక్చరు వేయడం మీరు చూసే వుంటారు. గాలి పోతున్నదని తెలుసు. కాని ఎక్కడినుంచి పోతున్నదో కంటికి కనిపించదు. షాపతను తొందరపడి ట్యూబంతా అతుకులు వేయడు. ముందు వాల్వు మీద తడివేలితో రాసి చూస్తాడు. అక్కడ బుడగ రాకపోతే ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పుతాడు. ఒకచోట బుడగలు వస్తాయి. అక్కడ గుర్తు పెట్టుకుంటాడు. అతుకు వేశాక మళ్ళీ ఒకసారి నీళ్ళలో ముంచి చూస్తాడు.

ఇందులో నీళ్ళు పంక్చరును బాగుచేయలేదు. కనిపించని లోపాన్ని కనిపించేటట్లు చేశాయి, అంతే. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారి దగ్గర కూడా ఇలాంటి నీళ్ళ తొట్టెలు వున్నాయి. అయితే వారికొక చిక్కు వుంది. ఈ రోజుల్లో చాలా ప్రోగ్రాములు వాటిని రాసినవారి బల్లమీది కంప్యూటర్‌లో నడవవు. ఎక్కడో దూరాన, తాళం వేసిన భవనంలో వున్న కంప్యూటర్లలో నడుస్తాయి. సైకిలు అక్కడ, షాపు ఇక్కడ! మరి పంక్చరును వెతికేదెలా?

ఈ మబ్బు ఆకాశంలో లేదు

ఇలా దూరాన నడిచే ఏర్పాటును 'క్లౌడ్' అంటారు. క్లౌడ్ అంటే మబ్బు. కాని ఆకాశంలో ఏమీ లేదు. నేల మీద పెద్ద పెద్ద భవనాలు, వాటినిండా బీరువాల్లో అమర్చిన వేలాది కంప్యూటర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు వుంటాయి. ఆ కంప్యూటర్లను సర్వర్లు అంటారు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో మన హైదరాబాదు ప్రాంతంలోనూ ఇలాంటి కేంద్రాలను ప్రారంభించింది.

ఒక పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకు ఇచ్చినట్లే, ఒక్కొక్క సర్వర్‌ను చాలా వాటాలు చేసి అద్దెకు ఇస్తారు. ప్రతి వాటా తానే ఒక పూర్తి కంప్యూటర్ అన్నట్లు పనిచేస్తుంది. దీన్ని 'వర్చువల్ మిషన్' అంటారు. మనం వాటా అనే పిలుచుకుందాం. ఈ మాట ముందు ముందు అవసరమవుతుంది.

హాస్టలు హాజరు పట్టీ

ఇప్పుడొక ఊహ చేద్దాం. మీరు గురుకుల పాఠశాలలో చదువుతున్నారు. మీరూ మీ మిత్రులూ కలిసి ఉదయపు చదువు గంటకు హాజరు వేసే ప్రోగ్రాం ఒకటి రాశారు. విద్యార్థి తన నంబరు నొక్కగానే ఆనాటి తేదీ కింద హాజరు పడుతుంది. మీ కంప్యూటర్ ల్యాబులో పగలు 11 గంటలకు పరీక్షించారు. చక్కగా పనిచేసింది. క్లౌడ్‌లో పెట్టారు. అక్కడా పగలు పరీక్షించారు. అక్కడా బాగుంది.

సోమవారం తెల్లవారింది. కొందరు 5 గంటలకే వచ్చి నంబరు నొక్కారు. కొందరు బద్ధకంగా 5 గంటల 40 నిమిషాలకు వచ్చి నొక్కారు. తరువాత వార్డెన్ గారు పట్టీ చూస్తే ఏముంది? ఆలస్యంగా వచ్చినవారికి హాజరు, వేళకు వచ్చినవారికి గైరుహాజరు!

అప్పుడు అందరూ తలా ఒక మాట అంటారు. 'నెట్ సరిగా లేదు' అంటారొకరు. 'మీటలు పాడయ్యాయి' అంటారొకరు. 'వాళ్ళు నొక్కలేదు, అబద్ధం చెబుతున్నారు' అనేవారూ వుంటారు. ఇవన్నీ ఊహలే. నిజం తెలియాలంటే నీళ్ళ తొట్టి కావాలి.

మొదటి పనిముట్టు: లాగ్

పూర్వం ఓడ వేగాన్ని కొలవడానికి తాడు కట్టిన కొయ్య ముక్కను సముద్రంలోకి వదిలేవారు. ఆ కొయ్య పేరు లాగ్. ఆ కొలతలు రాసుకునే పుస్తకం లాగ్ పుస్తకం అయింది. తరువాత ఏ యంత్రం ఎప్పుడేం చేసిందో రాసిపెట్టే ప్రతి చిట్టాకూ అదే పేరు వచ్చింది.

1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్ సరిగా పనిచేయకపోతే విప్పి చూశారు. ఒక రిలేలో చిమ్మట పురుగు చిక్కుకుని వుంది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలోనే అంటించారు. ఆ పేజీని నేటికీ అమెరికా జాతీయ మ్యూజియంలో భద్రపరిచారు. యంత్రాల లోపాలను 'బగ్' అనడం అంతకు ముందే వుంది. ఈసారి నిజం పురుగే దొరికింది! లోపాలు వెతికి తీసివేయడాన్ని 'డీబగ్గింగ్' అంటారు.

నేటి ప్రోగ్రాములు తమ లాగ్‌ను తామే రాసుకుంటాయి. కాని ఏమి రాయాలో ముందుగా మనమే చెప్పి వుంచాలి. మీ ప్రోగ్రాం 'ఫలానా నంబరు, ఫలానా తేదీ, ఫలానా సమయం' అని ప్రతిసారీ రాసేటట్లు చేశారనుకుందాం. సోమవారం ఉదయం 5 గంటలకు వచ్చిన విద్యార్థి పేర లాగ్‌లో ఏముందో తెలుసా? ఆదివారం, రాత్రి 11 గంటల 30 నిమిషాలు!

బుడగ కనిపించింది కదా! అతను నొక్కిన మాట నిజమే. హాజరు పడిన మాటా నిజమే. పడింది మాత్రం నిన్నటి కింద.

ఎందుకిలా? మన దేశ ప్రామాణిక సమయం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. మన రాష్ట్రంలో అది కాకినాడ సమీపంగా పోతుంది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కవేయండి. 330 నిమిషాలు, అంటే 5 గంటల 30 నిమిషాలు వస్తుంది. గ్రీనిచ్ రేఖను ఆధారం చేసుకున్న ప్రపంచ సమయం కంటే మనం అంత ముందున్నాం. క్లౌడ్ సర్వర్ల గడియారాలు సాధారణంగా ప్రపంచ సమయాన్నే చూపిస్తాయి. అందుచేత మనకు ఉదయం 5.30 అయితేనే అక్కడ తేదీ మారుతుంది.

రెండో పనిముట్టు: బల్లమీది నమూనా

కారణం తెలిసిందనుకోగానే అతుకు వేయకూడదు. లోపాన్ని మన ఎదుట మళ్ళీ రప్పించాలి. ఇందుకోసం క్లౌడ్‌లో వుండే పరిస్థితులను మన కంప్యూటర్‌లోనే కల్పించే ప్రోగ్రాములు వున్నాయి. వీటిని 'ఎమ్యులేటర్లు' అంటారు. అందులో గడియారాన్ని ప్రపంచ సమయానికి మార్చి, సోమవారం ఉదయపు వేళకు తిప్పి నంబరు నొక్కండి. ఆదివారం పడితే మీ అనుమానం నిజమే.

ఇక్కడే 'డీబగ్గర్' అనే పనిముట్టు ఉపయోగపడుతుంది. ప్రోగ్రాంలో మనం గుర్తు పెట్టిన వాక్యం దగ్గర అది నడకను ఆపుతుంది. ఆ గుర్తును 'బ్రేక్‌పాయింట్' అంటారు. ఆ క్షణాన తేదీ ఎంతుందో, నంబరు ఎంతుందో తీరికగా చూసుకుని, ఒక్కొక్క వాక్యమే ముందుకు నడిపించవచ్చు.

మరి ఈ గుర్తును నేరుగా క్లౌడ్‌లో నడుస్తున్న ప్రోగ్రాంకే పెట్టకూడదా? పెట్టే వీలుంది. కాని అక్కడ ఆపితే మీ ఒక్కరికే ఆగదు, వరుసలో నిలబడిన విద్యార్థులందరికీ ఆగిపోతుంది. పరుగెత్తే రైలును చక్రాలు చూడటానికి ఆపినట్లే. అందుకే ఈ పని బల్లమీది నమూనాలో చేస్తారు.

ఒక్కొక్కసారి పనిముట్టే మనల్ని తికమక పెడుతుంది. బ్రేక్‌పాయింట్ పెట్టినా ప్రోగ్రాం అక్కడ ఆగదు. డీబగ్గర్ చెడిపోయిందనుకుంటాం. తీరా చూస్తే, మన ఎదుట వున్నది ఈ రోజు దిద్దిన ప్రోగ్రాం, అక్కడ నడుస్తున్నది నిన్నటిది! కాబట్టి మొట్టమొదట వేయవలసిన ప్రశ్న ఇది: 'నేను చూస్తున్నదీ, అక్కడ నడుస్తున్నదీ ఒకటేనా?'

2012 ఫిబ్రవరి 29

హాస్టలు కథ మన ఊహ. ఇప్పుడు నిజంగా జరిగిన కథ వినండి. మైక్రోసాఫ్ట్ సంస్థకు అజూర్ అనే క్లౌడ్ వుంది. 2012 ఫిబ్రవరి 29న, ప్రపంచ సమయం ప్రకారం అర్ధరాత్రి 12 కాగానే అందులో చిక్కు మొదలైంది. అప్పుడు మన దేశంలో ఉదయం 5.30.

ఆ క్లౌడ్‌లో కొత్తగా ఒక వాటా మొదలైనప్పుడల్లా, దాని లోపలి సహాయక ప్రోగ్రాం ఒక సర్టిఫికెట్ తయారుచేసుకుంటుంది. రహస్య సమాచారాన్ని భద్రంగా అందుకోవడానికి అది అవసరం. దాని గడువు ఒక సంవత్సరం. గడువు తేదీ లెక్కవేయడానికి ప్రోగ్రాం చేసిన పని ఒక్కటే: నేటి తేదీలో సంవత్సరానికి 1 కలపడం. 2012 ఫిబ్రవరి 28న ఈ లెక్క వేస్తే 2013 ఫిబ్రవరి 28 వస్తుంది. మరి 29న?

2013 ఫిబ్రవరి 29! క్యాలెండరులో అలాంటి రోజే లేదు. సర్టిఫికెట్ తయారు కాలేదు. సహాయక ప్రోగ్రాం ఆగిపోయింది.

బయట సర్వర్‌ను కాపలా కాసే ప్రోగ్రాం, లోపలి నుంచి కబురు కోసం 25 నిమిషాలు ఎదురుచూసింది. రాలేదు. వాటాను మళ్ళీ మొదలుపెట్టింది. ఇలా మూడుసార్లు చూసింది. 75 నిమిషాలు గడిచాయి. అప్పుడది ఒక నిర్ణయానికి వచ్చింది: 'ఈ సర్వరే చెడిపోయింది.' దాన్ని మనుషులు వచ్చి చూడవలసినదిగా గుర్తించి, అందులోని వాటాలను వేరే మంచి సర్వర్లకు మార్చింది. అక్కడ వాటా కొత్తగా మొదలవ్వాలి కదా? అంటే అక్కడా అదే తేదీ, అదే తప్పు లెక్క. ఆ మంచి సర్వరూ చెడిపోయినదానిగా లెక్కకు వచ్చింది. అమ్మవారు పోసిన పిల్లవాణ్ణి గది గదికీ మార్చినట్లయింది!

చూడండి, యంత్రం తప్పు చేసింది లెక్కలోనే కాదు, ఊహలో కూడా. ఒక్క సర్వరూ చెడిపోలేదు. చెడినదల్లా ఒక కూడిక.

ఇంజనీర్లు 2 గంటల 38 నిమిషాల్లో అసలు కారణం కనిపెట్టారు. కొత్తగా వాటాలు మొదలుపెట్టడాన్నీ, మార్చడాన్నీ ప్రపంచమంతటా ఆపించారు. అప్పటికే నడుస్తున్న వాటాలు చాలావరకు క్షేమంగానే వున్నాయి.

తొందరలో రెండో పంక్చరు

తరువాత లెక్కను సరిచేసి, పరీక్షించి, చాలాచోట్ల జాగ్రత్తగా అమర్చారు. కాని ఏడు సర్వర్ సముదాయాల దగ్గర మాత్రం తొందరపడ్డారు. మామూలుగా మార్పును కొన్ని సర్వర్లలో పెట్టి, బాగుంటే మరికొన్నింటిలో పెడతారు. ఈసారి ఒక్కసారిగా అన్నింటిలో పెట్టేశారు. ఆ మార్పులో ఒక భాగానికి ఇంకొక భాగం సరిపడలేదు. దానితో అంతవరకు హాయిగా నడుస్తున్న వాటాలకు కూడా బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. మొత్తం సర్దుకునేసరికి, చిక్కు మొదలైనప్పటి నుంచి 34 గంటలు దాటింది.

అతుకు వేశాక సైకిలు షాపతను మళ్ళీ నీళ్ళలో ఎందుకు ముంచుతాడో ఇప్పుడు తెలిసిందా?

ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా, నిమిషాలతో సహా ఆ మార్చి నెలలోనే ప్రకటించింది. అందుకే మనమూ దాన్నుంచి నేర్చుకోగలుగుతున్నాం. తప్పు చేసినవారు దాన్ని రాసిపెడితే అది ఇతరులకు లాగ్ పుస్తకం అవుతుంది.

మీరూ చేయండి

ఒక కాగితం తీసుకోండి. తేదీ ఇస్తే సరిగ్గా ఒక సంవత్సరం తరువాతి తేదీ చెప్పే నియమాన్ని మీ మాటల్లో రాయండి. దాన్ని మీ స్నేహితుడికి ఇవ్వండి. అతను సొంత తెలివి ఉపయోగించకూడదు, మీరు రాసిందే చేయాలి. 2028 ఫిబ్రవరి 29 ఇచ్చి చూడండి. తరువాత 2099 ఫిబ్రవరి 28 ఇవ్వండి. ఆ పైన 2100 లీపు సంవత్సరమో కాదో అడగండి. 2000 లీపు సంవత్సరం, 1900 కాదు అన్న విషయం గుర్తుంచుకోండి.

మీ నియమం ఎక్కడో ఒకచోట తప్పిందా? సిగ్గుపడకండి. ఏ తేదీకి తప్పిందో, మీరు ముందు ఏమనుకున్నారో, అసలు కారణం ఏమిటో నోటు పుస్తకంలో రాసుకోండి. ఒకసారికి ఒక్క మాటే మార్చి, మొదటి నుంచి అన్ని తేదీలూ మళ్ళీ ఇచ్చి చూడండి.

ఇంతకీ, హాస్టలు ప్రోగ్రాంలో ఏ వాక్యాన్ని ఎలా దిద్దితే వేళకు వచ్చినవారికి న్యాయం జరుగుతుంది? ఆలోచించండి. దిద్దిన తరువాత పగలు 11 గంటలకు పరీక్షించి సరిపెట్టుకోకండి సుమా! తెల్లవారుజామున 5 గంటలకు లేవండి.