పడని పదార్థములు – మానని తామరలు

బళ్లారియందైనను, హోసూరునందైనను, బరంపురము, షోలాపురము, యానాములందైనను "వంకాయ పడదు, గోంగూర పడదు" అను మాట వినబడని తెలుగు గృహము అరుదు. వైద్యులు ఎలర్జీ యనునది ఈ పడకపోవుటయే. ఆ పదమును 1906వ సంవత్సరమున వియన్నా నగరపు శిశువైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే కల్పించెను. మన మాట సులభమైనదే గాని, దాని అర్థము మిక్కిలి విశాలము. పాలు త్రాగి కడుపుబ్బరమందు వృద్ధునకు పాలు పడవు. గ్రుడ్డు తిన్న గడియలో పెదవులు వాచిన శిశువునకు గ్రుడ్డు పడదు. చేదని కాకరను విస్తరి ప్రక్కకు నెట్టు బాలునకు కాకర పడదు. మొదటిది పాలలోని చక్కెరను జీర్ణము చేయు ఎంజైము పేగులలో తగ్గుటవలన వచ్చినది. రెండవది ఎలర్జీ. మూడవది గారాబము. ఈ మూటిని ఒక్క క్రియాపదముతో చెప్పుటవలన చిక్కు లేకపోవచ్చును. మూటికిని ఒక్క పథ్యమునే విధించునపుడు చిక్కు మొదలగును.

చర్మరోగముల పేర్లలో ఈ తికమక మరింత హానికరము. గజ్జి సూక్ష్మమైన పురుగువలన కలుగును, తామర శిలీంధ్రమువలన కలుగును, రెండును అంటురోగములే. ఎక్జిమా అంటురోగము కాదు. పొంగి పైకుబుకుట యను అర్థముగల గ్రీకుధాతువునుండి ఆ పేరు పుట్టినది. అయినను మోచేతి మడతలలోను, మోకాళ్ల వెనుకను ఎక్జిమా గల బాలుని బడిలో వేరుబల్లపై కూర్చుండబెట్టుట నేటికిని కొన్నిచోట్ల జరుగుచున్నది. పేరు తప్పినచో మందును తప్పును. ఎక్జిమాకు వైద్యులిచ్చు స్టెరాయిడు లేపనమును అంగడిలో అడిగికొని శిలీంధ్రపు తామరకు పూసికొన్నవారికి దురద తాత్కాలికముగా తగ్గును గాని, మచ్చలు దేహమంతయు ప్రాకును.

ఎక్జిమాకు మూలమెచ్చట? చిన్నతనముననే మొదలగు ఎక్జిమాలో చర్మము సున్నము రాలిన గోడవలె నుండును. పైపొర బిగువుకును, తేమకును తోడ్పడు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు కొందరిలో పుట్టుకతోనే లోపించుచుండునని 2006లో స్కాట్లండునందలి డండీ విశ్వవిద్యాలయపు ఇర్విన్ మెక్లీన్ బృందము కనుగొనెను. అట్టి చర్మపు సందులగుండ నీరు బయటికి పోవును. ధూళియు, సబ్బును, ఆహారపు రేణువులును లోనికి చొచ్చును. రక్షకకణములు ఆ రేణువులను శత్రువులుగా నెంచి ఐ.జి.ఇ. అను ప్రతిరక్షకమును తయారుచేయును. పిమ్మట అదే పదార్థము లోనికి వచ్చినపుడు హిస్టమిను వెలువడి దద్దురులు లేచును. రక్తములో ఇట్టిదొకటి యున్నదని 1921లోనే ప్రౌస్‌నిట్జ్ అను వైద్యుడు తన దేహముపైననే పరీక్షించి చూపెను. చేపలు పడని తన సహచరుడు క్యుస్ట్నర్ రక్తరసమును తన చర్మములోనికి ఎక్కించుకొని, అచ్చటనే చేపల సారముతో దద్దురును పుట్టించెను. ఆ పదార్థము ఐ.జి.ఇ. యని తేలుటకు మరి నలువది యైదేండ్లు పట్టినది.

కావున రోగనిరోధకశక్తి క్షీణించుటవలన ఎలర్జీ వచ్చునను లోకప్రతీతి సరికాదు. ఇచ్చట శక్తి కొరవడలేదు, గురి తప్పినది. బలము పెంచునని అమ్ము లేహ్యములకు, టానిక్కులకు వెచ్చించు ధనము ఈ రోగమునకు సంబంధించినంతవరకు వ్యర్థమే.

ఇక ఆహారవిషయము. ఎక్జిమా గల శిశువునకు గ్రుడ్డు, చేప, పాలు, వేరుశనగ, పప్పు ఒక్కొక్కటిగా మాన్పించి, తుదకు చారన్నముతో సరిపెట్టు తల్లులు కలరు. వారి ఆరాటము సహజమే. కాని ఎక్జిమా శిశువులలో కొందరికి మాత్రమే ఆహారపు ఎలర్జీ యుండును. పరీక్షింపకయే పదార్థములను మాన్పుటవలన దురద తగ్గుటకంటె ఎదుగుదల తగ్గుటయే తరచు. ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి యొకటి కలదు. బ్రిటనులోని యూదుల పిల్లలలో వేరుశనగ ఎలర్జీ నూటికి 1.85 వంతుండగా, ఇజ్రాయిలులో 0.17 మాత్రమేయని 2008లో ప్రకటింపబడినది. జాతి యొక్కటియే. ఇజ్రాయిలు శిశువులు తొలియేటనే వేరుశనగతో చేసిన చిరుతిండిని తినుచుండిరి. బ్రిటనువారు భయముతో దూరముంచుచుండిరి. గిడియన్ లాక్ బృందము దీనిని పరీక్షకు పెట్టెను. తీవ్రమైన ఎక్జిమా గాని, గ్రుడ్డు ఎలర్జీ గాని గల 4 నుండి 11 నెలల శిశువులు 640 మందిని రెండు భాగములుగా చేసి, సగముమందికి వేరుశనగ పెట్టించి, సగముమందికి మాన్పించిరి. ఐదవయేట మానినవారిలో నూటికి 17.2 మందికి, తిన్నవారిలో 3.2 మందికి ఎలర్జీ కనబడినట్లు 2015లో వెల్లడించిరి. మాన్పుటయే రోగమును పెంచినదన్నమాట!

దీనికి వారు చెప్పిన కారణము గమనింపదగినది. నోటిద్వారా వచ్చిన పదార్థమును దేహము ఆహారముగా గుర్తించి ఓర్చుకొనును. పగిలిన చర్మముద్వారా వచ్చినదానిని శత్రువుగా నెంచును. వేరుశనగనూనె కలిసిన లేపనములు పూసిన బ్రిటిషు శిశువులలో ఆ ఎలర్జీ అధికమని 2003లోనే తెలిసియుండెను. మన యిండ్లలో శిశువునకు శనగపిండి, పెసరపిండి నలుగు పెట్టి రుద్దుట వాడుక. చర్మము నిగనిగలాడు శిశువునకు అది వేడుకయే. పగిలి రసికారు చర్మముపై మాత్రము తగదు. పిండి నోటికి మేలు, పుండుకు కీడు. వేరుశనగను శిశువునకు పలుకులుగా నీయరాదు, గొంతున అడ్డుపడును. మెత్తని ముద్దగానే పెట్టవలెను. ఎక్జిమా తీవ్రముగా నున్నచో వైద్యుని సలహాతోనే ప్రారంభింపవలెను. తిన్న వెంటనే ముఖము వాచి, ఊపిరి బిగిసినచో చిట్కాలతో కాలయాపన చేయక, అడ్రినలిను సూది గల ఆసుపత్రికి తరలింపవలెను.

సముద్రతీరవాసులకు మరియొక భ్రమ కలదు. కనగుర్త చేప తిన్న గంటలో ముఖము ఎఱ్ఱబడి, దద్దురులు లేచినచో చేపలే పడవని జీవితాంతము మానుదురు. (శాస్త్రజ్ఞులు ఈ చేపకిడిన లాటిను నామములో ఆ తెలుగుమాటయే నిలిచియుండుట విశేషము.) మంచులో నుంచని యట్టి చేపలో సూక్ష్మజీవులవలన హిస్టమిను పుట్టును, ఎంత వండినను అది నశింపదు. అది నిలువ దోషము. తాజా చేప తిన్నచో ఏమియు కాకపోవచ్చును. చేపలను పాలతో భుజించుట విరుద్ధాహారమని చరకసంహిత చెప్పినది. ఎక్జిమా విషయమున ఆధునిక వైద్యము దానికి ఆధారము చూపుటలేదు.

జీవనవిధానపు ప్రభావమునకు అమెరికాలోని రెండు వలసజాతుల కథ మంచి నిదర్శనము. పరాయినేలపై తరతరములుగా స్వభాషను నిలుపుకొన్న తెలుగువారికి అది పరిచితముగనే తోచును. ఆమిష్, హటరైట్ అను ఈ రెండు తెగలును మధ్య ఐరోపానుండి వెళ్లినవి, ఇంటిలో జర్మను మాండలికములనే మాటలాడును, వంశలక్షణములు సన్నిహితములు, రెండును పాడిపంటలతోనే జీవించును. కాని ఆమిషులు గుఱ్ఱములతో దున్నుదురు. వారి పశువులపాక ఇంటి చెంతనే యుండును, పిల్లలు అందు ఆడుకొందురు. హటరైటులు యంత్రములతో, దూరపు క్షేత్రములందు సేద్యము చేయుదురు. 2016లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము బడిపిల్లలలో ఉబ్బసము ఆమిషులలో నూటికి 5.2, హటరైటులలో 21.3; ఎలర్జీ గుణము 7.2, 33.3. ఆమిషుల యింటి ధూళిలో సూక్ష్మజీవుల అంశములు దాదాపు ఏడురెట్లు. అయినను ఇది ఉబ్బసమును గురించిన సాక్ష్యమేగాని, ఎక్జిమాకు ఇంత స్పష్టమైన సాక్ష్యము లేదు. పేడదిబ్బ చెంత పిల్లలను విడుచుట దీనినుండి తీయదగిన అర్థము కాదు.

ఎక్జిమా వచ్చిన చర్మమునకు ప్రతిదిన సంరక్షణ మందువంటిదే. మరిగెడు నీరు, ఘాటైన సబ్బు, ఉన్ని బట్ట, చెమట దురదను పెంచును. గోరువెచ్చని నీట కొద్దిసేపు స్నానము చేయించి, తడి పూర్తిగా ఆరకముందే వేజలైను వంటి లేపనము పూయుట మేలు. ఐతే రోగము రాకముందే ఆరోగ్యవంతుడగు శిశువునకు ప్రతిదినము లేపనము పూసినంతమాత్రమున ఎక్జిమా రాకుండునని చెప్పరాదు. బ్రిటనులో 1,394 మంది శిశువులపై జరిగిన పరిశీలన 2020లో ఆ ఆశను వమ్ముచేసినది.

తుదకు, ఆహారముతో నిమిత్తమే లేని ఎక్జిమా ఒకటి కలదు. చాకలి గుర్తులకు వాడు నల్లజీడి రసమువలన రెండవ ప్రపంచయుద్ధకాలమున భారతదేశములోని అమెరికా సైనికుల మెడలపై, నడుములపై పొక్కులు లేచిన వృత్తాంతము 1943లో వైద్యపత్రికల కెక్కినది. నేడు అంతకంటె వ్యాపించినది వయ్యారిభామ. 1950–60 నడుమ పుణేలో గుర్తింపబడి దేశమంతట ప్రాకిన ఈ కలుపుమొక్క ఎండి పొడియై గాలిలో కలిసి, ముఖము, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలను మండించును. ఇట్టి రోగి వంకాయ మాని, చేప మాని, ఏండ్లు గడపినను ఫలముండదు. కారణము చేనిగట్టున పూయుచునే యుండును. దానిని తినుటకు మెక్సికోనుండి తెచ్చిన పెంకుపురుగులను 1984లో బెంగుళూరున విడిచిరి. అవి వానకాలమున ఆకులను తినివేయునుగాని, వేసవిలో భూమిలో దాగును. కావున మొక్కను పూతకు రాకముందే, తడినేలలో, చేతులకు తొడుగులు వేసికొని వేళ్లతో పెరుకవలెను. ఇదివరకే చర్మము మండినవారు ఆ పనిని ఇతరులకు విడువవలెను.