గ్యాసు గొట్టం

“మొన్ననే గదా మార్చింది” అంది అత్త. కోడలు గొట్టాన్ని తిప్పి చూసింది. దాని మీద అచ్చేసిన అంకెలు కూడబలుక్కుని చదివింది. గడువు దాటి రెండేళ్లయింది!

బండను, పొయ్యిని కలిపేది ఈ రబ్బరు గొట్టమే. నీళ్లు పట్టే పైపు దీనికి పనికిరాదు. లోపల ఇనుప తీగ అల్లిన ‘సురక్ష’ గొట్టం గ్యాసు ఏజెన్సీలో అడగాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడాలి. అయిదేళ్లకు మార్చేయాలి. చీలిన చోట గుడ్డ చుట్టి వాడేవాళ్లున్నారు. అది ప్రాణాలతో చెలగాటం.

గొట్టం మీటరున్నర కంటే పొడుగు ఉండకూడదు. గోడలోంచి, పొయ్యి వెనక సెగ తగిలేచోట పోనీయకూడదు. ఎలుకలు కొరికాయేమో చూస్తుండాలి. సబ్బునీళ్లు రాస్తే లీకున్నచోట బుడగలొస్తాయి. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడొద్దు.

కింద కూర్చుని వండడం చాలామందికి అలవాటు. కాని గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలమీదే పాకుతుంది. అందుకే పొయ్యి గట్టుమీద, బండ కింద నిలువుగా ఉండాలి.

గ్యాసుకు సొంతంగా వాసన లేదు. లీకు తెలియాలనే ఆ చెడ్డ వాసన కలుపుతారు. వాసనొస్తే లైటు వేయొద్దు. వెలిగే లైటు ఆర్పొద్దు. స్విచ్చిలో చిన్న నిప్పురవ్వ పుట్టినా చాలు, గది అంటుకుంటుంది. రెగ్యులేటరు కట్టేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. పిల్లల్ని బైటికి తీసుకుపోవాలి. బైటికొచ్చాకే 1906 నంబరుకు ఫోను చేయాలి. రాత్రయినా పలుకుతారు.