వైద్యవిద్యార్థినికి గురువు చేయవలసినది

విశాఖపట్టణమున 1890లో జన్మించి, చెన్నపురి వైద్యకళాశాలలో పట్టము పుచ్చుకొని, విమెన్స్ మెడికల్ సర్వీసు అను అఖిలభారత వైద్యసేవకు ఎన్నికయైన మొట్టమొదటి భారతీయురాలై, పిమ్మట ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాలకు ప్రిన్సిపాలుగను, 1943 మొదలు 1947 వఱకు ఆ వైద్యసేవ కంతటికిని ముఖ్యాధికారిణిగను, స్వాతంత్ర్యానంతరము వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు ప్రథమ భారతీయాధిపతిగను పనిచేసిన హిల్డా మేరీ లాజరస్ పేరు నేటి తెలుగు పాఠకులలో ఎందఱికి పరిచితమో చెప్పజాలను. 1961లో ప్రభుత్వ మామెకు పద్మశ్రీ బిరుద మిచ్చినది. ఆ గౌరవముకంటెను ఆమె యెక్కిన మెట్ల క్రమమే నన్ను ఎక్కువగా ఆకర్షించినది. ప్రసూతివైద్యమున నిపుణురాలై, స్త్రీల ఆసుపత్రులను నడుపుచు, నర్సులకును మంత్రసానులకును శిక్షణ మిచ్చుచు ఆమె గడపిన దశాబ్దములలో ప్రతి ఉద్యోగమును ఆమె కేదో యొక బాధ్యతను అప్పగించినది. ఒక బాధ్యతను నిర్వహించుటచేతనే తరువాతి బాధ్యతకు ఆమె అర్హురాలైనది. వైద్యము నభ్యసించు మన యాడపిల్లలకు మార్గదర్శనము కావలెనని నేడందఱును అనుచున్నారు. ఆ మార్గదర్శనము హితోపదేశముతో ముగియరాదనియు, అధికారము నప్పగించుట దాక సాగవలెననియు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

లాజరస్ చదివిన కళాశాల తలుపులు స్త్రీలకు తెఱువబడిన విధము తెలిసికొనదగినది. న్యాయవాదియైన భర్తతో 1866లో చెన్నపురికి వచ్చిన మేరీ షార్లీబ్ అను ఆంగ్లేయవనిత, ఘోషా పాటించు కుటుంబములలోని స్త్రీలు పురుషవైద్యుని చూడనొల్లక, వేఱొక దిక్కు లేక, పురిటి మంచములమీదనే ప్రాణములు విడుచుట విని, కన్నతల్లివలె కలతపడి, తానే వైద్యము నేర్వవలెనని నిశ్చయించుకొనెను. చెన్నరాజధాని సర్జన్ జనరలగు ఎడ్వర్డ్ బాల్ఫర్ స్త్రీలకు వైద్యవిద్య నేర్పుట యవసరమని నమ్మినవాడగుటచేత 1875లో ఆమెకును మఱి మువ్వురు స్త్రీలకును కళాశాలలో ప్రవేశము లభించినది. అచటి చదువు ముగించి లండనుకు పోయి, స్త్రీల కొఱకే యేర్పడిన వైద్యపాఠశాలలో చేరి, 1882లో లండను విశ్వవిద్యాలయపు పట్టము గాంచి, మరల చెన్నపురికి వచ్చి, 1885లో ఘోషాస్త్రీల కొక యాసుపత్రిని ఆమె స్థాపించెను. తిరువళ్ళిక్కేణిలో నేడు కస్తూర్బా గాంధీ పేర వెలయుచు, వృద్ధుల నోట నింకను గోషా ఆసుపత్రిగనే పిలువబడుచున్నది అదియే. ఇందు గమనింపదగిన దేమన, బాల్ఫర్ ఆమెను అభినందించి యూరకుండలేదు. తన యధికారమును వినియోగించి తలుపు తెఱపించెను.

తలుపు తెఱచిన మాత్రముననే పీఠము లభింపదు. ఈ విషయమున లేడీ హార్డింజి కళాశాల చేసిన మేలు గొప్పది. 1916లో స్త్రీల కొఱకే ప్రారంభింపబడిన ఆ విద్యాలయమున ప్రిన్సిపాలు స్త్రీ, ఆచార్యులలో ననేకులు స్త్రీలు, వార్డులో తుదిమాట చెప్పువారును స్త్రీలు. పదునెనిమిదేండ్ల విద్యార్థిని ప్రతిదినమును తన కన్నులయెదుట స్త్రీ నిర్ణయము చేయుటయు, ఆ నిర్ణయమును తక్కినవారు శిరసావహించుటయు చూచుచు పెరిగినచో, అధికారము తనకు పరాయిది యను భావ మామెకు పుట్టుట కవకాశమెక్కడిది? కేంద్రమున ఆరోగ్యశాఖామాత్యురాలుగ పనిచేసిన సుశీలా నయ్యరును, 1984లో అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థకు డైరెక్టరై 1990 వఱకు దానిని నడపిన స్నేహ్ భార్గవయు ఆ కళాశాలలో చదివినవారే.

అచటనే 1953లో అధ్యాపకురాలుగా చేరిన యెస్. ఐ. పద్మావతి చరిత్ర మఱింత విశదముగ చెప్పదగినది. బర్మాలో 1917లో పుట్టి, రంగూనులో వైద్యము చదివి, యుద్ధకాలమున జపానుసేనలు వచ్చి పడగా కుటుంబముతో కోయంబత్తూరు చేరి, యుద్ధానంతరము లండనుకు పోయి, అచటినుండి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెలెన్ టౌసిగ్ అను హృద్రోగనిపుణురాలికడ శిష్యురాలయ్యెను. ఆ టౌసిగ్ తాను హార్వర్డులో చదువగోరినప్పుడు స్త్రీలకు పట్టమీయమని యచటివారు చెప్పిరి. వినికిడి క్రమముగా క్షీణించుచుండ, శిశువుల గుండెచప్పుడును చెవులతో గాక వ్రేళ్లతో గ్రహించుట ఆమె అభ్యసించెను. ఇట్టి యామెను 1930లో పిల్లల యాసుపత్రియందలి హృద్రోగవిభాగమునకు అధిపతిగా నియమించినవాడు ఎడ్వర్డ్స్ పార్క్ అను ఆచార్యుడు. నీవు తెలివిగలదానవని యామెను మెచ్చుకొని, ఆ విభాగమును మఱియొకని చేతిలో పెట్టియుండినచో, నీలిదేహముతో పుట్టు శిశువుల గుండెకు శస్త్రచికిత్స చేయవచ్చునను ఆలోచన ఆమె మనస్సున పరిపక్వమగుట యెట్లు? ఆ యాలోచనయే శస్త్రవైద్యుడగు ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ చేతను, అతని సహాయకుడగు వివియన్ థామస్ చేతను 1944లో కార్యరూపము దాల్చి, ప్రపంచమున వేలకొలది పసిబిడ్డలను బ్రతికించినది.

టౌసిగ్ శిష్యురాలు స్వదేశమునకు రాగానే, ఆరోగ్యమంత్రిణిగ నున్న రాజకుమారీ అమృతకౌర్ ఆమెను లేడీ హార్డింజిలో నియమించెను. ఏడాది తిరుగకుండ అచట హృదయపరీక్షకు కాథిటర్ ప్రయోగశాల వెలసినది. ఉత్తర భారతమున నట్టిది అదియే మొదటిది. 1967లో పద్మావతి మౌలానా ఆజాద్ వైద్యకళాశాలకు డైరెక్టరు ప్రిన్సిపాలయ్యెను. 1981లో జాతీయ హృదయసంస్థను స్థాపించెను. 2020లో నూటమూడవయేట దివంగతురాలయ్యెను. ఆమె ప్రభావము తరగతి గదులను దాటి వీధిలోనికిని వచ్చినది. ఢిల్లీలో గోల్ మార్కెట్టున ఆమె యింటి కెదురుగ, తిరుపతిలో 1944లో జన్మించిన యొక బాలిక, దీర్ఘరోగముతో మంచముపట్టిన తల్లికి పరిచర్య చేయుచు నివసించుచుండెను. ఆ బాలిక పేరును పద్మావతియే. తన పేరే గల యొక స్త్రీ డాక్టరుగా రాకపోకలు చేయుట చూచి తానును వైద్యురాలు కావలెనని కోరుకొంటినని ఆమె తరువాత చెప్పియున్నది. పుణెలోని సైనిక వైద్యకళాశాలలో చదివి, 1968లో వైమానికదళమున చేరి, విమానయానవైద్యమున నిపుణురాలై, 2004లో భారత వైమానికదళ చరిత్రలో ఎయిర్ మార్షల్ పదవి నందిన ప్రథమవనిత ఆమె: పద్మావతీ బందోపాధ్యాయ. పార్కు టౌసిగ్గునకును, టౌసిగ్ ఒక పద్మావతికిని ఇచ్చినది ఈ విధముగ రెండవ పద్మావతిని చేరినది.

దక్షిణమునను ఇట్టి పరంపర లేకపోలేదు. 1912లో చెన్నపురి కళాశాలనుండి వెలువడి, 1927లో శాసనమండలిలో ప్రవేశించి దాని యుపాధ్యక్షపీఠ మలంకరించిన ముత్తులక్ష్మీరెడ్డి, తన చెల్లెలు క్యాన్సరుతో మరణించిన దుఃఖము మఱువక, 1954లో అడయారున క్యాన్సరు సంస్థను నెలకొల్పెను. పండ్రెండు పడకలతో మొదలైన ఆ చిన్న యాసుపత్రిలో చేరుటకు, స్త్రీశిశువైద్యశాలలో ప్రభుత్వోద్యోగము వచ్చియు దానిని కాదని 1955లో వచ్చిన యువతి వి. శాంత. ముత్తులక్ష్మి కుమారుడగు డాక్టరు కృష్ణమూర్తి ఆమెను సహాయకురాలుగ నుంచుకొనక సహకర్తగ భావించెను. తదుపరి సంస్థ యామె చేతికి వచ్చినది. 2021లో కన్నుమూయు దాక ఆమె జీవిత మచటనే గడచినది. గురువు పురుషుడా స్త్రీయా యను ప్రశ్నకంటె, తన యధికారములో భాగ మీయగల మనస్సు ఆ గురువునకు కలదా లేదా యను ప్రశ్నయే ముఖ్యమని ఈ చరిత్ర వలన తెలియుచున్నది.

ఇక నేటి స్థితి. మన వైద్యకళాశాల యే తరగతిలో చూచినను ఆడపిల్లలు నిండుగ కనబడుదురు. తిరుపతిలో శ్రీపద్మావతీ మహిళా వైద్యకళాశాల 2014లో ప్రారంభమైనది. కాని తరగతిగదినుండి అధ్యక్షుని గదికి పోవు మార్గమున వీరి సంఖ్య క్షీణించుచుండును. ప్రపంచారోగ్యసంస్థ 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారము ఆరోగ్యరంగమున పనిచేయువారిలో డెబ్బదిశాతము వఱకు స్త్రీలే యైనను, ఉన్నతాధికార స్థానములలో వారు 25 శాతము మాత్రమే. మన సాయుధదళముల వైద్యసేవలకు డైరెక్టర్ జనరలుగ ఒక స్త్రీ, ఆర్తీ సరీన్, నియమింపబడుటకు 2024 అక్టోబరు దాక వేచియుండవలసివచ్చినది.

కారణములు వెదకుటకు దూరము పోనక్కఱలేదు. హౌస్‌సర్జన్సీ ముగించి పి.జి. సీటు కొఱకు శాఖ నెన్నుకొను వేళ, "సర్జరీ నీకెందుకమ్మా, రాత్రీ పగలూ డ్యూటీలు, గైనకాలజీ తీసుకో, లేకపోతే స్కిన్ తీసుకో, ఇల్లూ చూసుకోవచ్చు" అని బంధువులే గాక ఆచార్యులును చెప్పుదురు. ఆ మాట వాత్సల్యముతో చెప్పినదే కావచ్చును. అయినను ఆ యొక్క మాటతో నలువదేండ్ల వృత్తిజీవిత మొక మూలకు త్రోయబడును. పి.జి. ముగిసి సీనియర్ రెసిడెన్సీ, ఆ పిమ్మట అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవి అనుక్రమమున రావలసిన సంవత్సరములే వివాహమునకును ప్రసవమునకును సంవత్సరములు. దూరపు బదిలీ యొకటి వచ్చినచో ఉద్యోగము మానినవారును, ప్రమోషను వదలుకొన్నవారును తఱచుగ స్త్రీలే. సూపరింటెండెంటు పదవియు ప్రిన్సిపాలు పదవియు సీనియారిటీ ననుసరించి వచ్చునవి. నడుమ రెండు మూడేండ్ల విరామము కలిగినచో, ఆ వరుసలో వెనుకబడినవారు మరల ముందునకు వచ్చుట దుర్లభము. దీనిని స్త్రీల యనాసక్తి యని వ్యాఖ్యానించుట అన్యాయము.

అందుచేత గురువు చేయవలసినది విద్యార్థిదశలోనే మొదలు కావలెను. కళాశాలలలో ఒక్కొక్క అధ్యాపకునికి కొందఱు విద్యార్థుల నప్పగించు పద్ధతి యిప్పుడు వ్యాపించుచున్నది. హాజరు తక్కువైన వేళ సంతకము పెట్టించుకొనుట కుపకరించునదిగ మాత్రమే అది మిగిలిపోయినచో ప్రయోజనము లేదు. వార్డు రౌండ్సులో కేసు ప్రెజెంటు చేయుమని మొదట పిలువబడువారు గొంతెత్తి ముందు నిలుచు మగపిల్లలే కాకుండ చూడవలెను. థియేటరులో రిట్రాక్టరు పట్టుకొని నిలుచున్న పి.జి. విద్యార్థిని చేతికి, యోగ్యత వచ్చిన దినముననే కత్తి యీయవలెను. శాఖలో జరుగు సభకు కార్యదర్శి పని, పరిశోధనాపత్రమున మొదటి పేరు, కొనుగోళ్ల సంఘమున నొక స్థానము, డ్యూటీ పట్టిక వేయు బాధ్యత, ఇవి చిన్నవిగ కనబడినను పాలన నేర్పు బడులు ఇవియే. డబ్బు లెక్కలు చూచుటయు, నలుగురు విభేదించిన వేళ నిర్ణయము చేయుటయు పుస్తకమున నేర్వబడవు. భారత వైద్యపరిశోధనామండలి 1979 మొదలు ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు రెండు నెలల స్వల్పకాలిక పరిశోధనావేతన మిచ్చుచున్నది. దరఖాస్తు చేయుటకు ఒక గైడు సంతకము కావలెను. ఆ సంతకము పెట్టి, ప్రశ్న నెన్నుకొనుట నేర్పి, ఫలితమును విద్యార్థిని చేతనే సభలో చదివించు ఆచార్యుడు చేయు మేలు నూఱు ఉపన్యాసముల కంటె నధికము.

రక్షణ లేని చోట నాయకత్వమును గూర్చి చెప్పుట వ్యర్థము. 2024 ఆగస్టులో కలకత్తాలోని ప్రభుత్వాసుపత్రియందు డ్యూటీలో నున్న యొక యువవైద్యురాలు అత్యాచారమునకు గురియై హత్య కావింపబడిన దుర్ఘటన దేశము నంతటిని కలచివేసినది; సుప్రీంకోర్టు వైద్యుల రక్షణకై జాతీయకార్యదళమును నియమించినది. గడియ సరిగా పడు విశ్రాంతిగది, ప్రత్యేకమైన మరుగుదొడ్డి, రాత్రివేళ వార్డునుండి హాస్టలుకు వెలుగున్న దారి, ఫిర్యాదు చేసిన పిల్లకు మార్కులు తగ్గవను భరోసా, ఇవి లేనిచోట గురువు నోట వెలువడు ధైర్యవచనము ఏమి చేయగలదు? వీనిని సాధించు బాధ్యతను ఆ విద్యార్థినులమీదనే వేయక, శాఖాధిపతులు తమమీద వేసికొనవలెను.

గురువు దొరకుట అదృష్టముమీద నాధారపడకుండ సంఘములును ఏర్పడినవి. అమెరికాలో 1915లో బెర్తా వాన్ హూసెన్ అను శస్త్రవైద్యురాలు స్త్రీవైద్యుల సంఘమును స్థాపించెను. 1919లో అంతర్జాతీయ సంఘము పుట్టినది. అమెరికా సంఘమున విద్యార్థినులకును శాఖలున్నవి. రెసిడెన్సీకై ఆ దేశమునకు పోవు మన తెలుగు అమ్మాయిలు వానిలో చేరుట మేలు. ఏలయన, ఒంటరిగ ఇంటర్వ్యూలకు తిరుగు పరదేశమున, ఆ దారి తొక్కిన పెద్ద యొకరు దరఖాస్తు చదివి దిద్దుటయు, తమ శాఖాధిపతితో నొకమాట చెప్పుటయు ఎంత విలువైనవో పోయివచ్చినవారికి తెలియును. అట్టి యేర్పాటు మన జిల్లాకేంద్రములలోని ప్రభుత్వ కళాశాలలలో పూర్వవిద్యార్థినులు పూనుకొన్నచో నిర్వహించుట కష్టము కాదు. ధనముకంటె నెలకొక సాయంకాలము కావలెను.

కర్నూలు, గుంటూరు, వరంగల్లు, విశాఖ, హైదరాబాదు కళాశాలలలో చదివి నేడు ఆచార్యపదవులలోను, ఆసుపత్రుల యాజమాన్యములోను, విదేశములలోను ఉన్నతస్థితి గాంచిన వైద్యురాండ్రకు నా మనవి యొకటి. మీరు చదివిన కళాశాలకు ఈ సంవత్సరము ఒక్కమాఱు పొండు. మొదటి సంవత్సరపు పిల్లలతో కాదు, పి.జి. శాఖ నెన్నుకొనుటకు సిద్ధపడుచున్న హౌస్‌సర్జనులతో కూర్చుండుడు. వారిలో ఒక్కరి పేరు వ్రాసికొని, మీ యాసుపత్రిలోనో మీ పరిశోధనలోనో మీ సభలోనో ఆమె కొక నిజమైన పనిని, ఆ పనితోపాటు దానికి తగిన యధికారమును అప్పగింపుడు.