తొలి సెమిస్టరులో సీ భాష

శ్రీనివాసపురము తాలూకాలోని గౌనిపల్లి కర్ణాటక రాష్ట్రములోనిదే యైనను, ఆంధ్రదేశపు సరిహద్దునకు దాపున నుండుటచే, ఇంట తెలుగును బడిలో కన్నడమును మాటలాడుట అచ్చటి పిల్లలకు చిన్ననాటనే పట్టువడిన విద్య. మామిడితోటలకు పేరుగన్న ఈ ప్రాంతమున పి.యు.సి. ముగించి, సి.ఇ.టి. ర్యాంకును బట్టి కోలారులోనో, కె.జి.ఎఫ్.లోనో, బెంగుళూరులోనో ఇంజనీరింగు కాలేజీలో చేరువారికి, మూడవదగు ఇంగ్లీషుతో కుస్తీ ముగియకమునుపే నాలుగవది యొకటి ఎదురగుచున్నది. అది సీ భాష.

1998లో బెళగావి కేంద్రముగా వెలసిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయపు కాలేజీలలో చేరినను, 2017లో ఏర్పడి కోలారు చెంత టమకలో కార్యస్థానము గల బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయపు బి.సి.ఎ.లో చేరినను, తొలియేడు ప్రోగ్రామింగు పరిచయము చాలమందికి తప్పనిది.

సీ భాషను అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున రూపొందించెను. 1978లో ఆయనయు బ్రయన్ కెర్నిఘనును కలసి వెలువరించిన చిన్న పుస్తకము ఏండ్ల తరబడి దానికి ప్రమాణముగా నిలిచెను. తెరమీద ఒక పలకరింపును కనబరచుటతో పాఠము మొదలిడు ఆచారము లోకమంతట వ్యాపించినది ఆ పుస్తకమువలననే. ఆపరేటింగు సిస్టములు వ్రాయు నిపుణులకు పనికివచ్చిన భాషను, కీబోర్డును క్రొత్తగా ముట్టిన విద్యార్థికి తొలిపాఠముగా పెట్టుట న్యాయమా యని అడుగువారు కలరు. వారి మాటలో నిజము లేకపోలేదు. 1964లో డార్ట్‌మత్ కాలేజీ ఆచార్యులగు కెమెనీ, కుర్ట్జ్‌లు బేసిక్ భాషను కల్పించినది విజ్ఞానశాస్త్రము చదువనివారికి సైతము కంప్యూటరు అందవలెనను తలంపుతోనే. 1991లో గైడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ నేడు అనేక విశ్వవిద్యాలయములలో తొలిపాఠపు స్థానము నాక్రమించుచున్నది. అయినను, నా యభిప్రాయమున, భాష యేదన్నది రెండవ ప్రశ్న.

మొదటి ప్రశ్న వేరు: చేయవలసిన పనిని మెట్లుమెట్లుగా విడదీసి చెప్పగలమా యనునది. కోలారు మార్కెట్టులో టొమాటో 15 కిలోల బాక్సులలో వేలమగుట ఈ సీమవారెల్లరు ఎరిగినదే. నాటి ధరలలో మిక్కిలి తక్కువదేదో చెప్పుమన్నచో ఏ రైతైనను చీటీమీద చూపు త్రిప్పి చెప్పగలడు. ఎట్లు కనుగొంటివని యడిగినచో, చూచితిని, తెలిసినది, అనును. యంత్రమునకు చూచుటయే తెలియదు. ఇంతవరకు కనబడిన కనిష్ఠధరను దాచుకొనుటకు ఒక చోటు నేర్పరచి, ధరలను వరుసగా ఒక్కొక్కటే తీసి దానితో పోల్చి, తక్కువదైనచో పాతదానిని చెరిపి క్రొత్తది వ్రాయుచు పోయి, ధరలు ముగియగానే అందు మిగిలినదానిని చెప్పుమని, ఒక్క మెట్టును విడువక ఆజ్ఞాపింపవలెను. విద్యార్థి భాషలో వేరియబుల్, లూప్, ఇఫ్ అనునవి ఇవియే.

ఇక ఆ చోటులో తొలుత ఏమి ఉంచవలెను? క్రొత్తవారనేకులు సున్న ఉంచుదురు. సున్నకంటె తక్కువ ధర ఎన్నడును ఉండదు గనుక, ఎన్ని వందల బాక్సులు అమ్ముడుపోయినను యంత్రము కనిష్ఠధర సున్నయనియే నిశ్చింతగా పలుకును. కంపైలరు ఒక్క తప్పైనను చూపదు. మొదటి బాక్సు ధరనే అందుంచినచో చిక్కు విడిపోవును. అట్లే, రెండు బాక్సులకు కలిపి 1,001 రూపాయలు వచ్చినవనుకొందము; మొత్తమును, బాక్సుల సంఖ్యను పూర్ణాంకములుగా ప్రకటించి భాగించినచో సీ భాష సరాసరి 500 అని చెప్పి అర్ధరూపాయిని మ్రింగివేయును, నేటి పైథాన్ 500.5 అని చెప్పును. సెమికోలన్ మరచుటకు విద్యార్థులు మిక్కిలి జంకుదురు గాని, ఆ తప్పును, ఒక్కొక్కప్పుడు తరువాతి వరుసను చూపియైనను, కంపైలరే పట్టియిచ్చును. భయపడవలసినది అది పట్టజాలని తప్పులకు.

ఇట్లు మెట్లు విడదీసి ఆలోచించుటయే ఈ విద్యకు ప్రాణము కాగా, ల్యాబులలో తరచుగా జరుగునది వేరొకటి. సీనియరు రికార్డు చూచి రికార్డు వ్రాయుట, వచ్చిన అవుట్‌పుట్‌కు సంతకము చేయించుకొనుట, వైవాకు నిర్వచనములు వల్లించుట. ఇట్లు వల్లించినవారు పరీక్షలో వరుస మారగానే బ్యాక్‌లాగు తెచ్చుకొని, తమకు బుద్ధి చాలదనుకొందురు. చాలనిది బుద్ధి గాదు, వ్యవధి.

వ్యవధి యున్నచో తొలిచదువు వేరైనను అడ్డు గాదనుటకు ఒకరి కథ చాలును. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి 1958లో గిండీ కాలేజీనుండి పుచ్చుకొన్నది సివిల్ ఇంజనీరింగు పట్టము. 1994లో ఫైగెన్‌బామ్‌తో కలసి ఆయన యందుకొన్నది కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము. ఆయన తొలి ఛాన్సలరుగా 2008లో ఆరంభమై, బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో నడచుచున్న ట్రిపుల్ ఐటీలు పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను ఆరేండ్ల చదువునకు చేర్చుకొనుచున్నవి. ఇంజనీరింగునకు ముందు రెండేండ్ల వ్యవధి దొరకుట అచ్చటి మేలు. గౌనిపల్లి విద్యార్థికి దొరకునది ఒక్క సెమిస్టరు.

ఆ కొరతను కొంతయైనను తీర్చుటకు ప్రభుత్వపుటుత్తరువు అక్కరలేదు. ఈ యూళ్లనుండి వెళ్లి బెంగుళూరులో సాఫ్ట్‌వేరు కొలువులు చేయుచున్న అన్నలారా, అక్కలారా, సెలవులకు వచ్చినప్పుడు మీ తమ్ములకు, చెల్లెండ్రకు తయారైన ప్రోగ్రాము ఇయ్యకుడు. లెక్క యొకటి ఇచ్చి, కంప్యూటరు తెరువకముందు, దాని మెట్లన్నియు కాగితముమీద తెలుగుననో కన్నడముననో వ్రాసి చూపుమని యడుగుడు.